నందిగామ సారూ, నా క్యాలెండరు మాటా

నందిగామలో ఆ ఏసీ గది తెరిచిన దగ్గర్నుంచీ, నందిగామ బోర్డు పెట్టుకుని వచ్చే బస్సును చూసినా నాకు ఒళ్ళు మండేది. బస్సు ఏం చేసిందంటారా? నా దగ్గరికి రావలసినవాళ్ళను ఎక్కించుకుని పోయేది. అంతకన్నా ఏం చేయాలి?

నా పని ఏమిటో ముందు చెప్పాలి. ప్రభుత్వం వడ్డీలో కొంత భరించే ఇంటి లోన్లు ఉంటాయి కదా, వాటికి బ్యాంకు సరేననే ముందు ఒక ఇంజినీరును పంపి ఇల్లు చూపిస్తుంది. గోడలు నిలిచేవేనా, చెప్పిన కొలతలు నిజమేనా, ఇల్లు ఎంత ధర పలుకుతుంది, అన్నీ చూసి ఆయన సంతకం పెట్టాలి. వాళ్ళను వాల్యూయర్లంటారు. బ్యాంకు ప్యానెల్లో ఒకసారి పేరెక్కింది కదా అని కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి లేదు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష రాయాలి, బ్యాంకు అధికారి కళ్ళ ముందు ఒక ఇల్లు చూసి చూపించాలి. తేడా వస్తే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేయకుండా వాళ్ళను తయారుచేయడం నా పని. జగ్గయ్యపేటలో జిరాక్సు షాపు పైన ఒక గది, ఒక బల్ల, ఊగే ఫ్యాను. అదే నా బడి.

నేను చదివింది ఎనిమిది. మిగతాదంతా పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న ఇంజినీరింగు పుస్తకాల్లోంచీ, ఒక పెద్ద వాల్యూయరు వెనక టేపు పట్టుకుని తిరిగిన ఏళ్ళలోంచీ వచ్చింది. ఆయన రిపోర్టులు సగం నా చేతిరాతే, సంతకం ఆయనది. ఆయన పోయాక ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నవాడు లేడు. డిగ్రీ ఏదీ అన్నారు. ఇళ్ళు డిగ్రీ చూసి బీటలిస్తాయా? ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని నాకూ లేదు. సంతకం పెట్టే హక్కు నాకు లేదు కనక, ఆ హక్కున్నవాళ్ళు వచ్చి నా బల్ల ముందు కూర్చుంటే నాకదో తృప్తి.

వాళ్ళలో పెనుగంచిప్రోలు ఇంజినీరు ఒకడు. నన్ను బాబాయ్ అంటాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం మానుకుని ఈ పనినే నమ్ముకున్నాడు. ఆమధ్య వాడి రిపోర్టొకటి వెనక్కి వచ్చింది. ఫోటోల మీద ఇల్లు ఏ చోట ఉందో నమోదు కాలేదట, ఇంటి ముందు వాడు నిలబడిన ఫోటో లేదట. రాబోయే పరీక్షలోనూ ఇలాగే చేస్తే ప్యానెల్లోంచి తీసేస్తామన్నారు. వాడు ప్యానెల్లో ఉండాలి. అదీ నా వల్ల ఉండాలి. ఈ రెండు కోరికల్లో ఏది పెద్దదో నన్నడక్కండి.

జిరాక్సు షాపు పక్కన టీ కొట్టాయన ఒక ఉదయం గ్లాసు చేతికిస్తూ అందుకున్నాడు.

"ఏం పెద్దాయనా, మీ ఇంజినీరు బండి నందిగామ రోడ్డెక్కేసిందే! నిన్నా చూశా, ఇవాళా చూశా."

"పనుంటుంది. నీకెందుకు?"

"నాకెందుకులెండి. అక్కడ కొత్త సారు దగ్గర చల్లగా ఉంటదంట. టీ కూడా ఆయనే తాగిస్తాడంట. నా బేరం పోతంది, అదీ నా ఏడుపు."

తన ఏడుపేదో తను చెప్పుకోగలిగాడు, అదృష్టవంతుడు.

ఆ కొత్త సారు ప్రభుత్వంలో ఇంజినీరుగా చేసి రిటైరై, వాల్యూయర్లకు పాఠం చెప్పడానికి ఆ ఏసీ గది తెరిచినవాడు. ఆయన క్లాసు ఎవరైనా ఒకసారి ఊరికే విని చూడవచ్చన్నారు. సరే, నేనూ ఎవరో ఒకణ్ణే కదా అని, ఉతికిన చొక్కా వేసుకుని నందిగామ బస్సెక్కాను. వినడానికి కాదు, తప్పు పట్టుకోవడానికి. తప్పు ఎక్కడ దొరుకుతుందో కూడా నాకు తెలుసు. మా వైపు ఇళ్ళకొక పితలాటకం ఉంది. వాస్తు కోసం ఈశాన్యం పెంచుతారు. చూడడానికి ఇల్లు చదరంగానే ఉంటుంది, ఉత్తరపు గోడ దక్షిణపు గోడకంటే కాస్త బారు. పొడవును వెడల్పుతో గుణించి పారేశామా, విస్తీర్ణం తప్పు. నాలుగు పక్కలా కొలిచి, మూల నుంచి మూలకు కూడా టేపు లాగాలి. ఏసీ గదిలో మనిషికి ఇదేం తెలుస్తుంది? గుణించేస్తాడు, అప్పుడు లేచి నిలబడదాం అనుకున్నాను.

ఆయన గుణించలేదు. బోర్డు మీద వంకర ఇల్లు గీసి, మూల నుంచి మూలకు గీత లాగి, దాన్ని రెండు త్రికోణాలు చేసి, ఎందుకలా లాగాలో కూడా చెప్పాడు. నేను ఇన్నేళ్ళూ లాగమని చెప్పానే తప్ప ఎందుకో అంత విడమరిచి చెప్పలేదు. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు గబగబా రాసుకుంటున్నారు. వాళ్ళ మధ్య మా వాడు, తల ఎత్తకుండా. తప్పు దొరకకపోతే మనిషికి ఇంత నీరసం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. పైగా ఆ సారు నన్ను చూసి, "రండి పెద్దాయనా, ముందుకు రండి, ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు. ఏసీ ఉన్న గదిలో నాకోసం ఫ్యాను కూడా వేయించాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చుంటే మా ఆవిడ పట్టేసింది.

"ఏంటండీ, సవతి కాపరానికొచ్చినట్టు ఆ కుమిలిపోవడం?"

"ఆయన పాఠం నాకంటే బాగా చెప్తాడే."

"అయితే ఇంకేం, మీరూ వెళ్ళి నేర్చుకోండి. పప్పు చల్లారిపోతంది."

రెండు రోజులకు మా వాడు మెట్లెక్కి వచ్చాడు. నేను పేపరు మడవలేదు.

"బాబాయ్, అలిగారా?"

"నేనెవర్ని అలగడానికి? పో, చల్లటి గదిలో కూర్చో."

"ఫోటోల సంగతి మీకు రాదుగా బాబాయ్! మీ ఫోనులో కెమెరా ఎక్కడుందో కూడా మీకు తెలీదు. నా అన్నం పోయేట్టుందని వెళ్ళా. అంతే."

"మరి ఇక్కడికెందుకొచ్చావ్?"

"గోడకు క్యాలెండరు కనపడితే చెయ్యి ఆగట్లేదు బాబాయ్. మొన్న మైలవరంలో క్యాలెండరు ఎత్తి చూడబోతే ఇంటాయన కొట్టడానికొచ్చాడు. సార్నడిగితే, 'గోడ మొత్తం చూడాలని రూలుంది, చెప్పండి' అన్నారు. రూలు చెప్తే ఇంకా మీదికొచ్చాడు."

పేపరు మడిచాను. ఇది నా సరుకు. మా వైపు లోను కావలసిన ఇంట్లో గోడ బీటలిస్తే, దాని మీదికి క్యాలెండరు వస్తుంది. అదీ దేవుడి బొమ్మ ఉన్నది, ఎవడూ ముట్టుకోడని. దాన్ని వాల్యూయరు ఎత్తకూడదు. ఇంటివాళ్ళ చేతే తీయించాలి.

"ఒరేయ్, నువ్వు గోడ వంకే చూడకు. ఏకాదశి ఎప్పుడొచ్చిందో కాస్త చూసి చెప్తారా అని అడుగు. ఆ సన్నక్షరాలు గోడ మీద ఎవరికీ కనపడవు. వాళ్ళే మేకు మీంచి తీసి వెలుగులోకి తెస్తారు. తెచ్చాక కూడా ముందు తేదీ విను. తర్వాత గోడ చూడు."

వాడు నవ్వాడు. నా ముందు నవ్విన ఆ నవ్వును నేను చాలా రోజులు దాచుకున్నాను.

పరీక్ష ఇల్లు చిల్లకల్లులో. నన్ను రానివ్వరు, అయినా వెళ్ళాను. ఆ ఇంటిని ఆనుకునే పంచరు షాపుంది, అక్కడ బల్ల మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వాడు బయట కొలతలు తీశాడు. చేతిలో టేపు లేదు, గోడ మీద ఎర్ర చుక్క వేసే మీటరు. డాబా ఎక్కాక మూల నుంచి మూలకు కూడా ఆ చుక్కే పోయింది. తర్వాత పంచరు షాపతన్ని పిలిచాడు.

"అన్నా, ఒక్క ఫోటో తీస్తావా? గుమ్మం పైన నెంబరు పడాలి, నేను పడాలి, ఎండ నీ వీపు మీదుండాలి."

ప్రతి మాటా నందిగామ సారుదే. పేపరు వెనక నా పళ్ళు నేనే నూరుకున్నాను.

ముందు గది కిటికీ పంచరు షాపు వైపే తెరిచి ఉంది. బ్యాంకు అధికారికి తొందర, పదండి పదండి అంటున్నాడు. ఇంటావిడ అప్పటికే గోడకు అడ్డంగా నిలబడి ఉంటుంది, గొంతు అక్కణ్ణుంచే వస్తోంది. అడగరా, అడగరా అని నేను లోపల గింజుకుంటున్నాను.

"అమ్మా, వచ్చే ఏకాదశి ఎప్పుడో కాస్త చూసి చెప్తారా? మా అమ్మ ఉపవాసం ఉంటది."

"ఉండు నాయనా, కళ్ళజోడు..." అని ఆవిడ గొంతు, మేకు మీంచి తాడు జారిన చప్పుడు.

"శుక్రవారం. అయ్యో... అది పెయింటు వేయించలేదండీ, అంతే."

"ఇది లోను ఆపే బీట కాదమ్మా. బాగుచేయించమని రాస్తా. దాస్తేనే అనుమానం వస్తది."

అధికారి తొందర ఎక్కడికి పోయిందో గాని, ఇక పదండి అన్న మాట వినపడలేదు.

వాడు నిలిచాడు. ప్యానెల్లో పేరు ఉంది. మిఠాయి పెట్టె పట్టుకుని మా గదికి వచ్చాడు. చేతిసంచీ మీద నందిగామ కొట్టు పేరు. అంటే ఎవరికి ముందిచ్చాడో అడగక్కర్లేదు. అయినా అడిగాను.

"దారిలో పడతారుగా బాబాయ్ ఆయన!"

పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు నందిగామ ఏ దారిలో పడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కాజా మాత్రం బాగుంది.

"ఇంకో మాట. క్యాలెండరు సంగతి విని సారు పొట్ట పట్టుకుని నవ్వారు. క్లాసులో చెప్పుకోవచ్చా అని మిమ్మల్ని అడిగి రమ్మన్నారు. మీరే వచ్చి చెప్తే ఇంకా మంచిదన్నారు."

"నేను రాను. చెప్పుకోమను. ముందు తేదీ వినాలి, తర్వాతే గోడ చూడాలి. అది వదిలేస్తే మొత్తం చెడుతుందని చెప్పు."

చెప్పాను గాని నమ్మకం కుదరలేదు. చదువుకున్నవాళ్ళు తొందరలో ఆ ఒక్కటీ వదిలేస్తారు. ఆ క్లాసు రోజున మళ్ళీ బస్సెక్కాను, ఆయన పాడుచేయకుండా చూడ్డానికి. వెనక కుర్చీలో కూర్చున్నాను. జగ్గయ్యపేట పెద్దాయన చెప్పిన ఉపాయం అని నా వైపు చెయ్యి చూపించి మొదలుపెట్టాడు. తేదీ వినే సంగతి వదల్లేదు. పైగా ఇంటావిడ గొంతు అనుకరించాడు, కళ్ళజోడు వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాడు. గదంతా పగలబడి నవ్వింది. ఆ మాట నేను ఎంతమందికో చెప్పాను. ఒక్కసారి కూడా అంత నవ్వు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా వాడే బండి మీద దింపాడు. హైవే మీద గాలికి గొంతు పెంచి అడిగాడు.

"ఎలా చెప్పారు బాబాయ్ సారు?"

"ముందు రోడ్డు చూసి నడుపు" అన్నాను.