ఒక్కరు చాలని రాసింది నేనే

తిరువళ్ళూరులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకునేది మేమిద్దరమే. నేను, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైన సీనియరు; ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయనది పొదటూరుపేటలో మగ్గాల ఇల్లు, మాది తిరుత్తణి. ఆఫీసంతా తమిళమే. సర్వర్ల గది తలుపు వేసుకున్నాక మాత్రం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం.

పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు భారమైందని యాజమాన్యం, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్‌కి మారమంది. గదినిండా ఉన్న సర్వర్లను తీసేసి, వాటి పనంతా మూడు కొత్త యంత్రాల మీద నడపాలి. డేటా మొత్తం విడిగా ఒక ఫ్లాష్ స్టోరేజీ పెట్టెలో ఉంటుంది. మూడు యంత్రాలూ నెట్‌వర్క్ మీదుగా దాన్ని అందుకోవాలి. నేను చేస్తానని ముందుకొచ్చాను.

మొదటి యంత్రం చక్కగా కలిసింది. రెండోది కలపగానే మొదటిదానికి స్టోరేజీ మాయమైంది. దాన్ని సరిచేస్తే దీనికి పోయింది. రెండు రోజులు కేబుళ్ళు మార్చాను, నెట్‌వర్క్ స్విచ్‌ని తిట్టుకున్నాను. మూడో రోజు అన్న నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“రెండోది ఎట్ల ఇన్‌స్టాల్ చేసినావు పాపా?”

“మొదటిదాన్నే కాపీ చేసినాను అన్నా. టైము మిగుల్తాదని.”

“అదే మరి. స్టోరేజీకి చెప్పుకునే పేరు గూడా కాపీ అయిపోయింది. రెండూ ఒకటే పేరు చెప్తా ఉంటే అది ఎవురికని ఇస్తాది?”

పేరు మార్చాం. మూడూ కలిశాయి. ఇంత ఆలస్యం ఎందుకైందని మేనేజరు అడిగితే, తానే సరిగా చూసుకోలేదని అన్న తమిళంలో చెప్పాడు. కాపీ సంగతి నేను దాచాను.

పనయ్యాక రిపోర్టు రాయమన్నారు. లాభాల కింద, ‘ఇకపై దీన్నంతా ఒక్కరే చూసుకోగలరు’ అని రాశాను. ఆ మాట రాయమని నన్నెవరూ అడగలేదు. నా పని గొప్పగా కనబడాలని రాశాను. పంపే ముందు అన్నకి చూపించాను. ఆ వాక్యం దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది.

“బాగా రాసినావు” అని, కింద ఒక స్పెల్లింగు దిద్ది ఇచ్చాడు.

నెల తిరక్కుండా ఆయన్ని ఇక ఉద్యోగానికి రావద్దన్నారు. ఆయన లాగిన్ తీసెయ్యమని నాకే మెయిల్ వచ్చింది. పక్క బల్ల దగ్గర ఆయన సామాను సర్దుకుంటుండగానే తీసేశాను.

కొన్నాళ్ళకు ఒక అప్‌డేట్ తర్వాత యంత్రాలు లేచాయి గానీ, స్టోరేజీ కనబడలేదు. హాల్ టికెట్లు రావడం లేదని పిల్లలు ఆఫీసు ముందు గుమిగూడారు. సిగ్గు విడిచి అన్నకి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు.

“నెట్‌వర్క్ లేచేదానికి ముందే అది స్టోరేజీని ఎతకతా ఉండాది. కొంచెం ఆగి ఎతకమని పెట్టు.”

పెట్టాను. కనబడింది.

“అయిందా?”

“అయింది అన్నా.”

“సరి. ఇంగ నాకు ఫోన్ చెయ్యొద్దు పాపా. ఇంట్లో వాళ్ళు ఇంటే బాధపడతారు.”

క్షమించమని అడగాల్సింది అప్పుడే. “సరే అన్నా” అని పెట్టేశాను.

ఇంత త్వరగా ఎలా పట్టుకున్నావని సాయంత్రం మేనేజరు మెచ్చుకున్నాడు. లాగ్‌లు చూసి నేనే కనుక్కున్నానని చెప్పాను.