మామగారి పిక్కలూ, కొట్లలో కాటాలూ

మామగారికి అనుమానం జాస్తి. తూనికల ఇన్‌స్పెక్టరుగా ఆయన రిటైరయ్యారు గానీ, ఆయన అనుమానం ఇంకా డ్యూటీలోనే ఉంది. కోడలు మంచినీళ్ళిచ్చినా గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసుకుని గానీ తాగరు.

అలాంటి మనిషికి నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే జబ్బొచ్చింది. కాళ్ళకి రక్తం సరిగా అందడం లేదని డాక్టరు బిళ్లలు రాసి, రోజూ నడవమన్నాడు. గుణం కనిపించకపోతే ఆపరేషను సంగతి చూద్దామన్నాడు.

"నొప్పి కాళ్ళల్లో ఉంటే మందు కడుపులోకి దేనికమ్మా? నాకెందుకో అనుమానంగా ఉంది."

"మీరు మింగండి మామయ్యా. దారి దానికి తెలుసు," అంది కోడలు.

మింగినట్టే కనిపించారు. కానీ వారాలు గడిచినా, సాయంత్రం అత్తగారితో నడకకి వెళితే ప్రతి కొట్టు దగ్గరా ఆగిపోతూనే ఉన్నారు. అత్తగారు డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. "ఈయనతో నడవడం కంటే ఒంటరిగా పరుగెత్తడం నయం," అని సణిగేవారు.

చివరికి కోడలికీ అనుమానం అంటుకుంది. బిళ్లలు ఎక్కడ పారేస్తున్నారోనని పూలకుండీలు తవ్వింది, దిండు గలీబులు దులిపింది. ఒక్కటీ దొరకలేదు. ఇంకో రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన ఆపరేషను మాట ఎత్తుతాడేమోనని ఆమె భయం.

మర్నాడు ఉదయం మామగారు ఒక్కరే బయల్దేరితే వెనకాలే వెళ్ళింది. ఆయన వీధి ఆ చివరిదాకా ఎక్కడా ఆగలేదు. అందుకోలేక ఆమే రొప్పింది.

సాయంత్రం దంపతుల వెనక మళ్ళీ బయల్దేరింది. మొదటి కిరాణాకొట్టు రాగానే మామగారు పిక్క పట్టుకున్నారు.

"కాస్త ఆగు. ఈలోగా ఆ కాటా సంగతి చూస్తాను."

"నిన్ననే చూశారు కద సార్," అన్నాడు కొట్టతను.

"నిన్న సరిగ్గానే ఉంది. ఇవాళ్టి సంగతి నాకెందుకో అనుమానంగా ఉంది."

అత్తగారు విసుక్కుంటూ అక్కడున్న స్టూలు మీద కూలబడి మోకాళ్ళు నొక్కుకున్నారు. కోడలు కాటా పక్కకి చేరి గొంతు తగ్గించింది.

"మీ కాళ్ళు బాగయ్యాయి కదా మామయ్యా. మరి ఈ నాటకమేంటి?"

"నా పిక్కలకి బిళ్ల పనిచేసిందమ్మా. మీ అత్తయ్య మోకాళ్ళే పనిచేయడం లేదు. డ్రిల్లు టీచరు కదా, అలిసిపోయానని చచ్చినా అనదు. నేనాగితే తనూ కూర్చుంటుంది. రేపు డాక్టరుకి నా సంగతీ, ఆవిడ సంగతీ నిజమే చెబుతాను. ఈ పూటకి నోరు మెదపకు."

కోడలు వీధి పొడుగునా చూసింది. ప్రతి కొట్టు ముందూ ఓ స్టూలు వేసి, ఖాళీగా ఉంచారు. ఆయన మీద ఆమెకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"అయిందా మీ తనిఖీ?" అంటూ అత్తగారు లేవబోయారు.

"ఉండండత్తయ్యా," అని కోడలు కాటా మీదికి వంగింది. "నాకూ ఎందుకో అనుమానంగానే ఉంది."