మూడో పెట్టెకు పేరు

అశోక్‌కుమార్ ఆ వారమంతా బొమ్మనహళ్ళి షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కరెంటు పోతే ఇంట్లో లైట్లు వెలిగించే ఇన్వర్టరు తయారైంది, దానికి పేరే కుదరలేదు. పెట్టెల మీద పేర్లు అచ్చువేసే మహబూబ్ బాషా చందాపుర నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

తొంభైల చివర్లో బెంగళూరులో ఏ వస్తువుకైనా ఇంగ్లీషు కిరీటం పెట్టందే తోచేది కాదు. మనవాడూ తక్కువ తినలేదు. మొదటి మోడల్‌కు 'లైట్ కింగ్' అని పెట్టాడు. కొన్నవాళ్ళ ఇళ్ళలోనే మాడిపోయింది. రెండోది 'పవర్ ఎంపరర్'. చక్రవర్తిగారు ఒక పెళ్ళింట్లో పొగలు కక్కి, పెళ్ళికొడుకుతో సహా అందర్నీ వీధిలోకి పరుగెత్తించారు. ఈ మూడోది కూడా పోతే షెడ్డుకు తాళమే. లోపం సరిదిద్దాడు, నెలల తరబడి పరీక్షించాడు. అయినా భయం వదల్లేదు, తిన్నది ఒంటబట్టలేదు.

ఆ మధ్యాహ్నం తల్లి భాగీరథమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "ముందువి రెండూ పాయె కదప్పా. మళ్ళా రాజు పేరేల? తిప్పయ్య అని పెట్టు."

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. అది అతని పేరే. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోవాడి మీదైనా చావు కన్ను పడకూడదని, పుట్టగానే పెంటతిప్ప మీద పడుకోబెట్టి, పొరుగామె చేత ఎత్తించి, చేటెడు తవుడిచ్చి తల్లి అతన్ని తిరిగి కొనుక్కుంది. ఆ పేరుతో బళ్ళో పిల్లలు ఏడిపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. పదో తరగతికి రాగానే అశోక్‌కుమార్ అయిపోయాడు.

"తిప్ప పేరు పెడితే ఎవురు కొంటారమ్మా?" అన్నాడు చిరాగ్గా.

"నేను కొన్లేదా?" అందామె.

అతను చెయ్యి కడుక్కుని బాషాకు ఫోన్ చేశాడు.

"ఇదేం పేరు సార్? దీనికన్నా మీ పేరు వేస్తే బాగుంటాది" అన్నాడు బాషా.

"నా పేరే వెయ్యమంటా ఉండా."

ఆ పేరుతో వచ్చిన మొదటి పెట్టెను సొంతింట్లోనే బిగించాడు. సాయంత్రం వీధంతా కరెంటు పోయింది, వీళ్ళింట్లో లైట్లు వెలిగాయి. భాగీరథమ్మ తీరిగ్గా చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అతనికి మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. వేడెక్కుతోందేమోనని మాటిమాటికీ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే తల్లి తన నుదుటి మీద చెయ్యి పెట్టి అనే మాట, అనుకోకుండా పైకే అనేశాడు.

"ఉండప్పా తిప్పయ్యా, ఉండు."