లాకు చిట్టియ్య గుండెదడ

నరసాపురానికి ఎగువన కాలువ మీద, పడవలు దాటడానికి నీటి తలుపులున్న ఒక లాకు ఉండేది. అక్కడ చిట్టియ్య ఆ తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేసేవాడు. ఆ వైపుకి రైలు ఇంకా రాని రోజులవి. ధాన్యం బస్తాలైనా, కొబ్బరికాయలైనా, పెళ్ళివారైనా పడవల మీదే వెళ్ళాలి. పడవ వచ్చి లాకు ముందు ఆగితే చిట్టియ్య తలుపు దూలానికి భుజం ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపట్టి తోసేవాడు. ఇద్దరు మనుషులు తోయాల్సిన తలుపు అతనొక్కడికే కదిలేది. పడవ సరంగులు అతన్ని చూసి, వీడికి దేవుడు ఎద్దు మెడ ఇచ్చాడని నవ్వుకునేవారు.

అతని భార్య సంపూర్ణమ్మ మిషను దొరసానుల దగ్గర లేసు అల్లడం నేర్చుకుంది. లాకు పక్క తాటాకింటి అరుగు మీద కూర్చుని అల్లుతూ ఉండేది. వాళ్ళకి రూతు అనే చిన్న కూతురు. చిట్టియ్య తల్లి పాపాయమ్మ వాళ్ళతోనే ఉండేది. ఆ ముసలామె భర్తతో పాటు బాప్తీస్మం తీసుకుంది, ఆదివారం గుడికీ వెళ్ళేది, కానీ కష్టమొస్తే ఆమె నోటికి ముందు ఊరి అమ్మవారి పేరే వచ్చేది.

ఒక కార్తీకమాసంలో, మిట్టమధ్యాహ్నం, ముసలయ్య అనే సరంగు ధాన్యం పడవ తీసుకుని వచ్చాడు. చిట్టియ్య దూలం సగం తోసి ఆగిపోయాడు. చేతులు చల్లబడ్డాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి లోపలికి పోనట్టు అనిపించింది. దూలం వదిలేసి కట్ట మీద కూలబడ్డాడు.

ముసలయ్య గెడ పడేసి దూకి వచ్చాడు. "ఏంట్రా చిట్టియ్యా, ఏదైనా కుట్టిందా?"

"లేదు బాబాయ్. చచ్చిపోతన్నాను. మా సంపూర్ణాన్ని పిలు."

సంపూర్ణమ్మ పరుగెత్తుకు వచ్చేసరికి అతను ఆమె చెయ్యి పట్టుకుని వణుకుతున్నాడు. ఆమె నీళ్ళు తాగించింది. పక్కన కూర్చుని వీపు రాసింది. కాసేపటికి దడ దానంతటదే తగ్గింది. చిట్టియ్య లేచి, తలొంచుకుని, మిగిలిన సగం తలుపు తోశాడు. కాలువ నిండుగా, నెమ్మదిగా పారుతోంది. భయపడాల్సింది అక్కడ ఏమీ లేదు. అదే అతనికి అర్థం కాలేదు.

తరవాత అది మళ్ళీ వచ్చింది. గుడిలో పాట పాడుతుండగా వచ్చింది. అన్నం కలుపుకుంటుండగా వచ్చింది. రాని రోజున, ఎప్పుడు వస్తుందోనన్న దిగులు వచ్చేది. చిట్టియ్య సంతకి వెళ్ళడం మానేశాడు. ఒంటరిగా దూలం దగ్గరికి వెళ్ళలేక, పడవ కేక వినపడితే భార్య వైపు చూసేవాడు. ఆమె లేసు పక్కన పెట్టి వెంట నడిచేది.

పాపాయమ్మ ఇది దడుపే అంది. కొడుకుని పొరుగూరి మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను వేపమండలతో దిష్టి తీసి మెడలో తాయెత్తు కట్టాడు. ఆదివారం సంఘపెద్ద ఆ తాయెత్తు చూశాడు. ప్రార్థన అయ్యాక చిట్టియ్యని ఆపి, "విశ్వాసం చాలకే నీకీ భయం. ముందు అది తెంపు," అన్నాడు. చిట్టియ్య తెంపేశాడు. మోకాళ్ళ మీద ప్రార్థన చేశాడు. ప్రార్థన మధ్యలోనే దడ వచ్చింది. ఆ రోజు నుంచి, తన విశ్వాసం కూడా ఉత్తిదేనన్న బాధ ఒకటి అతనికి తోడైంది. ఆచంటలో ఒక వైద్యుడు పాలలో వేసుకోమని చూర్ణం, తలకి తైలం ఇచ్చాడు. కాస్త నిద్ర పట్టింది కానీ భయం వదల్లేదు.

చివరికి సంపూర్ణమ్మకి లేసు నేర్పిన దొరసాని, గోదావరి ఒడ్డున ఒక మిషను ఆసుపత్రి ఉందనీ, అక్కడ ఆడ డాక్టరు గుండె జబ్బులు బాగా చూస్తుందనీ చెప్పింది. ముసలయ్య పడవలో వెళ్ళారు. దారిలో చిట్టియ్య దింపెయ్యమని బతిమాలాడు. సంపూర్ణమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డున కనిపించే ప్రతి ఊరి పేరూ చెబుతూ కూర్చుంది.

డాక్టరు తెల్లజుట్టు దొరసాని. రబ్బరు గొట్టం పెట్టి చాలాసేపు విని, "నీ గుండె బలంగా ఉంది. గుండెలో జబ్బు లేదు," అంది.

చిట్టియ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అందరూ అదే అంటన్నారండి అమ్మగారూ. జబ్బు లేదంటే ఇక మందు లేదనేగా అండి."

ఆమె గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. "గుండెలో లేదన్నాను. నీకు జబ్బు లేదనలేదు. ఈ భయమే జబ్బు. మా దేశంలో కూడా వస్తుంది, పెద్ద పెద్ద సైనికులకి వస్తుంది. ఇది నీ తప్పు కాదు. మందు ఇస్తాను. మందు కొంత పనిచేస్తుంది. మిగిలినదానికి నువ్వు నాతో మాట్లాడాలి."

చిట్టియ్యకి ఆ మాట ఎంత ఊరటనిచ్చిందంటే, మందు తాగకముందే అతని భుజాలు దిగాయి. ఆమె ఒక సీసా ఇచ్చింది. మోతాదు తెలియడానికి దాని పక్కన కత్తిరించిన కాగితం అంటించి ఉంది. మందు ఉప్పగా ఉండేది. ఇంట్లో అందరూ దాన్ని ఉప్పుమందు అనేవారు.

అది పనిచేసింది. మధ్యాహ్నాలు కాస్త మత్తుగా ఉండేది కానీ దడ పలచబడింది. సీసా అయిపోయినప్పుడల్లా చిట్టియ్య ఆసుపత్రికి వెళ్ళేవాడు. డాక్టరు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఎప్పుడు వచ్చింది, అప్పుడేం చేస్తున్నావు, ఎంతలో పోయింది అని అడిగేది. అతను చెప్పేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. ఆ ఏడు వరికోతల్లో అతను రూతుని భుజాన ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళాడు. జీళ్ళు కొనిపెట్టాడు. ఇద్దరూ నవ్వుతూ ఇంటికి వస్తుంటే చూసి, సంపూర్ణమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ మరుసటి వేసవిలో డాక్టరుకి జబ్బుచేసి వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, చిట్టియ్య అంత దూరం రానక్కరలేకుండా, దిగువ లాకు దగ్గరున్న చిన్న ఆసుపత్రిలో అతని మందు ఏర్పాటు చేసింది. అక్కడ డాక్టరు లేడు. జగన్నాథరావు అనే కాంపౌండరు ఒక్కడే ఉండేవాడు. చెడ్డవాడు కాదు. సరదా మనిషి. కానీ వరండాలో పదిమంది ఉన్నప్పుడు, "రావయ్యా భయం చిట్టియ్యా, ఇవాళ ఎన్నిసార్లు చచ్చావేంటి?" అనేవాడు. అందరూ నవ్వేవారు. చిట్టియ్యా నవ్వేవాడు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

వానాకాలంలో మందు సరుకు రాలేదు. జగన్నాథరావు సీసాలో ఏదో రంగునీళ్ళు పోసి, "అదే మందు, నమ్మి తాగు," అన్నాడు. మొదటి గుక్కలోనే ఉప్పు లేదని చిట్టియ్యకి తెలిసింది.

"వెళ్ళి అడుగు మావా," అంది సంపూర్ణమ్మ.

"ఏమని అడగమంటావే? జబ్బు లేనోడికి నీళ్ళు చాలనుకున్నాడు. అడిగితే మళ్ళీ నవ్వుతారు."

దడ మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరికీ చెప్పడం మానేశాడు. వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్ళి, పొయ్యిలోకి తెచ్చిన కట్టెల పక్కన నిలబడి, అది పోయాక వచ్చేవాడు. సంపూర్ణమ్మకి తెలిసేది. తెలియనట్టు ఉండేది. రోజూ ఉండే కష్టం కాబట్టి ఆమె కూడా అలిసిపోయింది.

మార్గశిరంలో ఒకరోజు పొద్దున, చిట్టియ్య ఒక పడవని దాటించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. ఎడమ చెయ్యి ఒత్తుకుంటున్నాడు.

"సంపూర్ణం, ఇలా రా. రొమ్ము మీద రోలు పెట్టినట్టుంది. దవడ దాకా లాగుతంది."

ఆమె లేసు మీంచి చూపు తిప్పలేదు. "అదే మావా. కాసేపుంటే తగ్గుద్ది. నీళ్ళు తాగు."

"ఇది అది కాదే."

"ఎప్పుడూ అలాగే అంటావుగా."

అతను గోడకి చేరగిలబడ్డాడు. ఆమె వరస పూర్తిచేసి, దారం ముడి వేసి, అప్పుడు తలెత్తింది. అతని మొహం బూడిదరంగులో ఉంది. వణకడం లేదు. కళ్ళు నిదానంగా ఉన్నాయి.

"ఆ భయం నాకు తెలుసు సంపూర్ణం. ఇన్నాళ్ళూ దాంతోనే కాపురం చేశాను. ఇవాళ భయం లేదు. నొప్పే ఉంది."

ఆమె చేతిలో లేసు జారిపోయింది. కట్ట మీదికి పరుగెత్తింది. అతను దాటించిన ముసలయ్య పడవ ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. కేకలు వేసి వెనక్కి పిలిచింది. ఇద్దరూ కలిసి చిట్టియ్యని పడవలో పడుకోబెట్టి దిగువ లాకుకి తీసుకెళ్ళారు.

జగన్నాథరావు నాడి పట్టుకుని చూసి వదిలేశాడు. "పాత కథే అమ్మా. ఊరికే బెంబేలు పడతాడు."

"బాబుగారూ, ఇది వేరంటన్నాడండి. గొట్టం పెట్టి చూడండి," అంది సంపూర్ణమ్మ.

"డాక్టరు దొరసానిగారే చూశారు కదమ్మా, గుండె రాయిలా ఉందని. ఇంకా నేను చూసేదేముంది?"

చిట్టియ్య మెల్లగా అన్నాడు. "భయంగా లేదండి బాబూ. నొప్పండి."

"భయం లేదంటే మరీ మంచిది," అని కాంపౌండరు సీసా నింపి సంపూర్ణమ్మ చేతిలో పెట్టాడు. ఈసారి అది అసలైన మందే. సరుకు అంతకుముందే వచ్చింది.

తిరిగి వస్తుండగా, రెండు లాకులకీ మధ్య, చిట్టియ్య ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. రూతు అన్నం తిందా అని అడిగాడు. తిందని చెప్పింది. ఇంకేదో అడగబోయి ఊపిరి వదిలాడు. మళ్ళీ తీసుకోలేదు. ముసలయ్య గెడ వెయ్యడం ఆపేశాడు. పడవ కాసేపు నీటి మీద ఊరికే నిలబడింది.

సమాధి దగ్గర సంఘపెద్ద బైబిలు తెరిచి, భయపడవద్దని చెప్పే వాక్యం చదవబోయాడు. సంపూర్ణమ్మ ముందుకొచ్చింది.

"అది వద్దండి అయ్యగారూ. ఇంకేదైనా చదవండి. భయపడొద్దని ఆయనకి చానామంది చెప్పారు."

ఆయన ఇంకో పుట వెతుక్కుని చదివాడు. జగన్నాథరావు కూడా వచ్చాడు. తాటిచెట్ల అవతలే ఆగిపోయాడు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చి, "నాకు తెలీలేదమ్మా," అన్నాడు.

"మీకేం తెలుస్తాదండి," అందామె. "అరుగు మీద పక్కనే కూర్చుని నేనే తెలుసుకోలేదు."

అతను వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎవరు వరండాలోకి వచ్చినా గొట్టం పెట్టి చూసేవాడని ముసలయ్య ఒకసారి చెప్పాడు.

లాకుకి కొత్త లస్కరు వచ్చాడు. సంపూర్ణమ్మ అత్తనీ కూతురినీ తీసుకుని నరసాపురం చేరింది. లేసు అల్లి రూతుని పెంచింది, చదివించింది. అల్లేటప్పుడు ఎవరైనా పిలిస్తే మాత్రం చేతిలో పని మధ్యలోనే వదిలేసి లేచేది. వరస పాడైపోయేది. విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. నేర్చుకునే పిల్లలు, ఆ వరస అయ్యాక లేవచ్చు కదమ్మా అని అడిగేవారు. ఆమె పాడైన వరస వాళ్ళ చేతికిచ్చి, ఎలా విప్పాలో చూపించేది.