మేత సంచులు కట్టింది ఎవరు

ముందుగా ఒక ఒప్పుకోలు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు; ఇది వాళ్ల ముందు చేస్తున్నది కాదు కాబట్టి నా మీద నిక్షేపంగా చెల్లుతుంది. నేను చెప్పే చేప చెప్పిన ప్రతిసారీ ఒక జానెడు పెరుగుతుంది. నేను ఎక్కిన రైలు పెట్టెలో జనం పట్టేదానికి మూడింతలు ఉంటారు. చదివేవారు ఎవరి ఓపికను బట్టి వారు తగ్గించుకోగలరు.

కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మేజిస్ట్రేటు కోర్టుకు సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. వాడుకలో ఏపీపీ అంటారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడిపే ఉద్యోగం. లోకం దృష్టిలో మాత్రం ‘పోలీసుల లాయరు’. ఇరవై రెండేళ్లు ఆ పేరు మోసి, యాభై రెండో ఏట నేనే విరమణ కోరుకున్నాను. గూడెం నా ఆఖరి పోస్టింగు.

ఇల్లు మార్చలేదు. పొద్దున్న ఏలూరులో పాసింజరు ఎక్కేవాణ్ణి. భీమడోలులో రత్నకుమారి ఎక్కేవారు. అసలు కష్టం అక్కడ మొదలయ్యేది.

ఆవిడ అదే కోర్టులో న్యాయ సహాయ సంస్థ నియమించిన డిఫెన్సు లాయరు. లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించడం ఆవిడ పని. తండ్రి మిషన్ బడిలో మాస్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నదేమో, ఎంత చిక్కు సెక్షన్ అయినా మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పేవారు. ఆవిడ కూర్చోవడం ఆలస్యం, పెట్టెలో ఉన్న మూడువందల మందీ చుట్టూ మూగేవారు.

“మేడంగారండీ, పోలీసులు ఫోన్ చేసి స్టేషన్‌కి రమ్మంటే వెళ్లి తీరాలాండీ?”

“కాగితం మీద నోటీసు ఇమ్మనండి. ఇచ్చాక మాత్రం మానకుండా వెళ్లండి. మానితే అదే మీ మీద ఇంకో తప్పవుతుంది.”

“వెళ్లాక అడిగినవన్నీ చెప్పేయాలాండీ?”

“పేరూ ఊరూ చెప్పండి. మీ మెడకే చుట్టుకునే మాట చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు.”

పెదవేగి పామాయిల్ తోటలో పనిచేసే ఒకామె, చీకటి పడ్డాక ఆడవాళ్లను అరెస్టు చేయవచ్చా అని అడిగింది. మామూలుగా కూడదనీ, తప్పనిసరైతే ఆడ అధికారి ఉండి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలనీ రత్నకుమారి చెప్పారు. బెయిలు వస్తే కేసు పోయినట్టేనా అని మరొకరు అడిగారు. కాదనీ, వాయిదాలకు ఇంటి నుంచి రావచ్చు, అంతేననీ చెప్పారు. ఇవన్నీ నాకూ తెలుసు. ఆవిడ పుట్టకముందే తెలుసు. ఆవిడకు నలభై రెండేళ్లు కాబట్టి ఆ లెక్కన నేను పదేళ్ల వయసులో బెయిలు చట్టం నేర్చుకుని ఉండాలి. నేర్చుకున్నాననే అనుకోండి.

ఒకరోజు ఒక పెద్దాయన నా భుజం తట్టారు. ఇన్నాళ్లకు నా విలువ తెలిసిందని కళ్లజోడు సర్దుకున్నాను.

“ఏవండీ, కాస్త అటు జరుగుతారా? మేడంగారిని ఒకటి అడగాలి.”

జరిగాను. అలా జరిగి జరిగి, గూడెం వచ్చేసరికి తలుపు దగ్గర వేలాడుతూ దిగేవాణ్ణి. ఆవిడకు జనం జామకాయలు ఇచ్చేవారు, మొక్కజొన్న పొత్తులు ఇచ్చేవారు. నాకు టికెట్ కలెక్టరు కూడా నమస్కారం పెట్టేవాడు కాదు. కోర్టులో ఎక్కువ కేసులు నేనే గెలిచేవాణ్ణి. అయినా ఓడిపోయిన ముద్దాయి తల్లి కూడా వెళుతూ వెళుతూ రత్నకుమారికే దండం పెట్టి వెళ్లేది. ఆ దండాల కోసం నేను ఎంత కుళ్లుకున్నానో చెబితే అందులో అతిశయోక్తి ఉండదు. ఈ ఒక్కదానికి తగ్గింపు అక్కర్లేదు.

శ్రావణమాసంలో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు దాటాక, గణపవరం అవతల చెరువుల నుంచి ఒక రిమాండ్ కేసు వచ్చింది. ముద్దాయి వెంకన్న, ముప్పై ఏళ్లవాడు. చేపల చెరువులో మేత వేసేవాడు. చెరువులో శీలావతి చేపలు దొంగతనంగా పట్టి అమ్మాడని చెరువు ఆసామి ఫిర్యాదు. కేసు తెచ్చిన హెడ్ కానిస్టేబులు కాగితాలు ముందు నాకు చూపించాడు. రిమాండ్ రిపోర్టు అంటే, ఇతన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అరెస్టు చేశామో రాసి, జైలుకు పంపమని పోలీసులు మేజిస్ట్రేటును కోరే కాగితం. మేజిస్ట్రేటు ఒప్పుకుంటే మొదటి విడత పద్నాలుగు రోజులు.

ఆ పద్నాలుగు రోజుల విలువ వరండాలో తెలిసింది. వెంకన్న భార్య నాగమణి రత్నకుమారితో మాట్లాడుతోంది.

“చెరువుగట్టు మీద పాకేనండి మా ఇల్లు. ఈయన జైలుకెళితే శుక్రవారానికల్లా ఇంకో మేతగాణ్ణి పెట్టేస్తారటండి. పాక వాళ్లకివ్వాలటండి. ఇద్దరు పిల్లలతో ఎక్కడ ఉండమంటారండి?”

“కంగారు పడకమ్మా. మేజిస్ట్రేటుగారు నీ భర్తను అడిగినప్పుడు ఉన్నదే చెప్పమను” అన్నారు రత్నకుమారి.

నేను కాగితాలు చదివాను. అరెస్టు మెమోలో ‘బుధవారం ఉదయం పది గంటలకు, ముద్దాయి రోజూలాగే చెరువులో మేత సంచులు కడుతుండగా పట్టుకున్నాము’ అని ఉంది. తెలియనివారికి చెబుతాను. మా వైపు తవుడూ నూనె తీసిన చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, పొద్దున్నే పడవ మీద వెళ్లి చెరువులో పాతిన గెడలకు కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. మేతగాడు రాకపోతే ఆ పూట చేప పస్తే.

తరువాత ఆసామి ఫిర్యాదు చదివాను. అది బుధవారం తొమ్మిది గంటలకు ఇచ్చినది. మూడు పేజీలు. రెండు పేజీల నిండా చేపలు, వాటి బరువు, వాటి అందం. ఆయన నాకన్నా రెండాకులు ఎక్కువ చదివిన మనిషి. మూడో పేజీ అడుగున, తన కష్టం చెప్పుకునే ఊపులో ఇలా రాశారు: ‘సోమవారం సాయంత్రం నుంచి మేతగాడు లేక, మంగళ, బుధవారాలు ఉదయం నేనే, నడుం నొప్పితో, పడవెక్కి మేత సంచులు కట్టుకున్నాను.’

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. బుధవారం సంచులు ఆసామి కడితే, పదింటికి కడుతూ దొరికిన వెంకన్న ఎవరు? సోమవారం నుంచి అతను ఎక్కడున్నాడు?

చట్టం చెప్పేది తేలికే. మనిషిని పట్టుకున్న ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రయాణానికి పట్టే సమయం మాత్రం మినహాయింపు. మెమోలో ఏ గంట రాశారన్నది కాదు, మనిషిని కదలనివ్వకుండా ఆపింది ఎప్పుడన్నది లెక్క.

ప్రాసిక్యూటరు పని శిక్ష వేయించడమే అనుకుంటారు. కాదు. ముద్దాయికి పనికొచ్చేది ఫైల్లో కనిపిస్తే అది కోర్టుకు చెప్పడం కూడా ఆ పనిలో భాగమే. అందుకని రత్నకుమారి నా దగ్గరికి వచ్చి, “సార్, నాకిచ్చిన జిరాక్సులో ఫిర్యాదు మూడో పేజీ సగం పడలేదండి. మీ దగ్గరున్నది ఒకసారి చూస్తాను” అన్నప్పుడు, నేను ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, నా వైపు చూసి తల ఊపారు.

నాలుగున్నరకు వెంకన్నను నిలబెట్టారు. మేజిస్ట్రేటుగారు మామూలుగా అందరినీ అడిగేదే అడిగారు.

“పోలీసులు నిన్ను ఏమైనా ఇబ్బంది పెట్టారా?”

“లేదండి. మర్యాదగానే చూశారండి. మంగళవారం పెసరట్టు కూడా తెప్పించి పెట్టారండి.”

మేజిస్ట్రేటుగారు సంతకానికి తీసిన పెన్ను కింద పెట్టారు. రత్నకుమారి లేచి, మెమో ఒకసారి, మూడో పేజీ ఒకసారి, గొంతు పెంచకుండా చదివారు.

“బుధవారం పదింటికి నువ్వు చెరువులో సంచులు కట్టావా?” అని మేజిస్ట్రేటుగారు అడిగారు.

“నేనెలా కడతానండి? స్టేషన్ వెనక గదిలో ఉన్నాను కదండి. సోమవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే రమ్మన్నారండి. పొద్దున్న చేపలకి ఎవరు వేశారో, అదే బెంగగా ఉందండి.”

హెడ్ కానిస్టేబులు ఒక అడుగు ముందుకేశాడు. “కొల్లేరు దారండి. వానలకి గట్లు బాగోవు. ప్రయాణం...”

“ఎన్ని కిలోమీటర్లు?” అన్నారు మేజిస్ట్రేటుగారు.

“నలభై ఉంటుందండి.”

“నలభై కిలోమీటర్లకు రెండు రోజులా? మీరు బాతుల్ని తోలుకొచ్చారా?”

మీరేమంటారని నన్ను అడిగారు. కాగితాల్లో ఉన్నదానికి చెప్పేదేమీ లేదన్నాను. రిమాండ్ తిరస్కరించి, సొంత పూచీకత్తు మీద వెంకన్నను వదిలేశారు. ఎస్సైని సంజాయిషీ అడిగారు. కేసు పోలేదు. తరువాత పోలీసులు పద్ధతిగా నోటీసు ఇచ్చి విచారణ చేసుకున్నారు. ఇంకో మేతగాడు అప్పటికింకా కుదరక, గురువారం పొద్దున్న వెంకన్నే పడవెక్కాడు. సంచుల సంగతి ఎలా ఉన్నా, ఆసామికి నడుం నొప్పి తగ్గింది. పాక వెంకన్న కుటుంబానికే ఉంది.

వారం తిరిగాక నాగమణి రైల్లోకి ఒక బొచ్చె చేప తెచ్చింది. తల మా పెట్టెలో ఉంటే తోక గార్డు పెట్టెలో ఉంది. మార్కెట్లో కొన్నదేనని ఆమె ఒట్టు వేసింది. ఉచిత సహాయానికి చాకలెట్టు ముక్క కూడా పుచ్చుకోకూడదని రత్నకుమారి చేప తిరిగి ఇచ్చేశారు. నాకు అదీ కడుపుమంటే. వద్దనడానికైనా నాకు ఎవరూ ఏమీ తేలేదు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. పెసరట్టు నిజం. ఆసామి నడుం నొప్పి నిజం. బాతుల మాట అక్షరాలా మేజిస్ట్రేటుగారిదే. చేపను మీరెలాగూ తగ్గించుకునే ఉంటారు. కల్పించింది పెన్సిల్ గీత.

ఆవిడ మూడో పేజీ అడిగిన మాట నిజమే. నేను ఫైలు మూసి, “ఆఫీసులో అడగండమ్మా, అక్కడ ఒరిజినల్ ఉంటుంది” అన్నాను. ఆవిడ వెళ్లి బెంచి క్లర్కును బతిమాలి చూసుకుని, కేసు పిలిచాక పరుగున వచ్చారు. వెంకన్న పెసరట్టు మాట అనకపోయి ఉంటే, ఆవిడ వచ్చేలోపు రిమాండ్ మీద సంతకం అయిపోయేది. కాగితం నా బల్ల మీదే ఉంది. ముద్దాయి హక్కులు నాకు ఆవిడకన్నా ముందే తెలుసని పైన రాశాను. ఆ బుధవారం ఆ తెలిసినతనం ఎవరికీ పనికి రాలేదు.