ఎంగిలి చెయ్యి

మొన్న గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పద్దెనిమిది నిమిషాలకు, కరీంనగర్ బస్టాండుకు సుమారు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉన్న ఒక పిండివంటల దుకాణంలో సర్వపిండి కొన్నాను. దాని అడ్డుకొలత పదకొండు సెంటీమీటర్లు, మందం అంచున నాలుగు మిల్లీమీటర్లు, నడుమ ఏడు. ముప్పై ఒక్క ఏళ్లు కరెంటు సబ్‌స్టేషన్లలో మీటర్లు చదివిన కళ్లు కాబట్టి, స్కేలు పెట్టకున్నా ఈ అంకెల్లో పెద్ద తేడా ఉండదు. దుకాణం ఆమె దాన్ని అద్దాల పెట్టెలోనుంచి తీసి కాగితపు పళ్లెంలో పెట్టి ఇచ్చింది. పొద్దున చేసినది కావడంతో చల్లగా, తోలులాగా సాగుతూ ఉంది. రెండు ముక్కలు తిని చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కుళాయి దగ్గర చేతిమీద నీళ్లు పడుతున్నప్పుడు లోపల ఎవరిదో ఫోను మోగింది. మూడుసార్లు మోగి ఆగింది. నేను కుళాయి కట్టేయకుండానే లోపలికి నాలుగడుగులు పరుగెత్తాను. ఫోను ఎత్తి మాట్లాడుతున్న కుర్రవాడు నన్ను వింతగా చూశాడు.

నా ఈడు వాళ్లకు సర్వపిండిని పరిచయం చేయనవసరం లేదు గాని, మా అక్క చేసేదాన్ని గురించి మాత్రం చెప్పాలి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు, వెల్లుల్లి కారం కలిపి, గుండ్రటి అడుగున్న సర్వ గిన్నె లోపలి గోడకు తడిచేత్తో ఒత్తేది. వేలితో తొమ్మిది బొక్కలు పెట్టేది, చుట్టూ ఎనిమిది, నడుమ ఒకటి. ఒక్కొక్క బొక్కలో అర చెంచా నూనె పోసి మూతపెట్టి, సన్నని మంట మీద చెవితో వండేది. లోపలి చిటపట ఒక స్థాయికి తగ్గగానే, మూత తీసి చూడకుండానే దించేది. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉండాలి. ఈ రెండూ ఒకే ముద్దలో పంటి కింద పడటంలోనే దాని రుచి అంతా ఉంది. ఆ రుచికి గడువు తక్కువ. దించిన తరువాత పైభాగంలోని ఆవిరి కిందికి దిగి కరకరలాడే అడుగును మెత్తబరుస్తుంది. సర్వలోనే ఉంచి మూత కొంచెం ఓరగా పెడితే పావుగంట, ఇరవై నిమిషాలు ఆగుతుందేమో. ఆ తరువాత మిగిలేది కడుపు నింపే రొట్టె మాత్రమే. ఈ గడువును నేను ఒకటికి పదిసార్లు గడియారం పెట్టి చూసినవాణ్ని. అటువంటి చాదస్తమే ఆనాడు నా మీదికి వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పెద్దపల్లికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో ఆపరేటరును. నాతోపాటు పగటి డ్యూటీలో ఉండే పెద్ద ఆపరేటరును అందరూ చాచా అనేవారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడే లైన్‌మన్. వాళ్ల ఇల్లు సబ్‌స్టేషన్‌కు ఆరు వందల మీటర్లు.

లైన్ క్లియర్ అనే మాట గురించి ఇక్కడ మూడు వాక్యాలు తప్పవు. తీగ మీద పనిచేయబోయే మనిషి ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి అనుమతి తీసుకోవాలి, ఆపరేటరు అతని పేరు, చోటు, సమయం రిజిస్టరులో రాసి, ఆ లైను స్విచ్చుకు ఒక ఎర్ర బోర్డు తగిలించాలి. ఆ మనిషి పని ముగించి స్తంభం దిగి మళ్లీ ఫోను చేసేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. ఒకే లైను మీద ఇద్దరు వేర్వేరు చోట్ల పనిచేస్తే రెండు అనుమతులు, రెండు పంక్తులు, రెండు బోర్డులు ఉండాలి. దీనికి తోడు చాచా పెట్టిన నియమం ఒకటి ఉండేది. ఫోను దగ్గర ఉన్నవాడు తినకూడదు, తినేవాడు ఫోను ముట్టకూడదు.

ఆ రోజు వాన వెలిసిన మధ్యాహ్నం. పొద్దున పదకొండు నలభైకి ఒక ముసలి లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ పనికోసం లైన్ క్లియర్ తీసుకున్నాడు. చాచా రాశారు, బోర్డు వేలాడుతోంది, లైను ఆగి ఉంది. ఎట్లాగూ ఆగి ఉన్నది గనుక, అదే లైను చివరన వదులైన తీగ ముడిని సరిచేద్దామని బావ బయలుదేరాడు. దారిలో ఒంటిగంటా ఇరవై నాలుగుకు మా దగ్గర ఆగాడు. సైకిలు హ్యాండిలుకు తువ్వాలలో కట్టిన సర్వ.

“ఏం బామ్మర్దీ, మీటర్ల ముల్లు సూసుకుంట కూసున్నవా? మీ అక్క పొయ్యి మీదికెళ్లి దించంగనే ఉరికిచ్చింది నన్ను. గిన్నె సొట్టవడితె ఇంట్లకు రానియ్యదట.”

తిని పొమ్మన్నాను. కడుపు నిండితే స్తంభం ఎక్కరాదని నవ్వాడు. “దిగినంక తింట. రెండు ముక్కలు ఉంచుండ్రి జర. మిమ్ముల సూస్తె గిన్నె గూడ నాకేటట్టున్నరు.”

చాచా తన వంతు తిని, చెయ్యి కడుక్కుని, ఒంటిగంటా ముప్పై రెండుకు వెనుక స్టోరు గదిలోకి నమాజుకు వెళ్లారు. వెళ్తూ వెళ్తూ నా చూపు ఎక్కడుందో గమనించారు. “బేటా, నేనచ్చేదాక ఫోన్ కాడ్నే ఉండు. పిండి యాడికి వోదు, దానికి కాళ్లు లేవు.”

నేను ఒక్క నిమిషం ఆగాను. ఒంటిగంటా ముప్పై మూడుకు మూత తీశాను.

ఆ ముక్కల రుచి ఇప్పటికీ చెప్పగలను, చెప్పడానికి సిగ్గుపడుతూనే. అంచు విరిగితే వచ్చే చప్పుడు, బొక్క చుట్టూ నూనెలో కాలి ఎర్రబడిన వలయం, ఆ వలయంలో ఇరుక్కున్న శనగపప్పు. నేను ముందు వలయాలను తిని తరువాత అంచులకు వచ్చేవాణ్ని. మూడో వలయం దగ్గర ఉండగా ఫోను మోగింది. ఎడమచేత్తో ఎత్తాను. బావ. మూడు కిలోమీటర్ల అవతలి రైసుమిల్లు నుంచి చేస్తున్నాడు. అక్కణ్నుంచి స్తంభం ఆరు వందల మీటర్లు. లైన్ క్లియర్ అడిగాడు. “సరే బావ, ఇచ్చిన” అన్నాను. గోడ గడియారం ఒంటిగంటా ముప్పై ఎనిమిది చూపుతోంది.

రాయాలి. రిజిస్టరు ఎదురుగానే తెరిచి ఉంది, పెన్ను దాని మీదనే ఉంది. కాని నా కుడిచెయ్యి ఎంగిలి, వేళ్లనిండా నూనె. మాది మరమగ్గాల ఇల్లు. నూనె చేత్తో నూలు ముట్టుకుంటే ఆ మరక బట్ట అయిన తరువాత కూడా పోదని, అక్షరాలు నేర్వకముందే మా బాపు నా వేళ్ల మీద కొట్టి నేర్పాడు. కాగితానికీ అదే మర్యాద. ఎంగిలి చేత్తో పుస్తకం ముట్టుకున్న జ్ఞాపకం నాకు లేదు. బోర్డు తగిలించడానికైనా అదే చెయ్యి. ఈ ముక్క ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి రాస్తాను అనుకున్నాను. ఆరు నిమిషాలు తిన్నాను. బావకు రెండు ముక్కలు ఉంచాను.

కుళాయి వాకిట్లో ముప్పై ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. నేను గడప దాటుతుండగా చాచా టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ ఎదురొచ్చారు. నా నోటినిండా చివరి ముక్క ఉంది. చెప్పవలసిన మాట ఒక్కటే. ముందు మింగి, కడుక్కుని, వచ్చి చెబుదామని చేతితో కుళాయి వైపు సైగచేశాను. ఆయన తలవూపి లోపలికి పోయారు.

నీళ్లు తాగుతుండగా ఫోను మోగింది. మూడుసార్లు. చాచా ఎత్తారు కదా అనుకుని సబ్బు తీసుకున్నాను. అది ఎవరి ఫోనై ఉంటుందన్న ఆలోచన రావడానికి నాకు నిమిషమున్నర పట్టింది. ముసలి లైన్‌మన్ పని ముగించి అనుమతి వాపసు ఇస్తే, రిజిస్టరులో ఉన్న ఒకే ఒక్క పంక్తి ముగుస్తుంది. ఒకే ఒక్క బోర్డు తీస్తారు. ఆ తరువాత స్విచ్చు వేయకుండా ఉండటానికి కారణమే లేదు.

నేను పరుగెత్తాను. సగం దూరంలో స్విచ్చు పడిన చప్పుడు వినిపించింది. అరక్షణం తరువాత రెండో చప్పుడు, దానంతట అదే విడిపోయిన చప్పుడు. ఆ పనిలో ఉన్నవాళ్లకు మొదటిదానికంటె రెండవది భయంకరం. తీగ భూమికి తగులుతున్నదని, తీగ మీద ఏదో ఉన్నదని దాని అర్థం.

చాచా ప్యానెల్ ముందు కదలకుండా నిలబడి ఉన్నారు. “లైన్ మీద ఎవలున్నరు?”

“బావ.”

“రిజిస్టర్ల లేదు గద బేటా!”

“నేనే ఇచ్చిన చాచా. రాయలే.”

ఆయన స్విచ్చుకు తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నారు, తన లూనా బండి తాళంచెవి నా చేతికిచ్చారు. మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. ఆ దారంతా నేను లెక్కలు వేశాను. మిల్లు నుంచి స్తంభానికి సైకిలు మీద మూడు నిమిషాలు, నడుముకు పట్టీ కట్టుకుని ఎక్కడానికి నాలుగు, తీగలను గొలుసుతో భూమికి కలిపే జాగ్రత్త పనికి రెండు. స్విచ్చు పడింది ఒంటిగంటా నలభై ఏడుకు. ఎట్లా కూడినా తొమ్మిది వస్తోంది. దారిలో ఒక్క బర్రె అడ్డమొచ్చినా, ఎవరైనా ఆపి పలకరించినా, అతను ఇంకా కిందనే ఉండేవాడు. ఆ బర్రె కోసం నేను మొక్కాను.

మిల్లు దగ్గర ట్రాక్టరు ఎదురైంది. తొట్టిలో హమాలీల నడుమ బావ కూర్చుని ఉన్నాడు. కూర్చుని! కుడిచేతికి తడి తువ్వాల చుట్టి ఉంది. మొదటి తీగకు గొలుసు తగిలించి రెండోదానికి చెయ్యి చాపుతుండగా మంట లేచిందని, ఆ మొదటి గొలుసే స్విచ్చును విడగొట్టి ప్రాణం కాపాడిందని తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను నన్ను చూసి, తెల్లబడిన పెదవులతో, “బామ్మర్దీ, పిండి ఉంచినవా, అంత నువ్వే తిన్నవా?” అన్నాడు.

పెద్దపల్లి ఆసుపత్రిలో కట్టు కట్టి కరీంనగర్‌కు పంపారు. అక్కను బండి ఎక్కించి నేను సబ్‌స్టేషన్‌కు వచ్చేసరికి ఐదు ఇరవై. విచారణకు అధికారి మరునాడు పొద్దున వస్తాడని కబురు. ముసలి లైన్‌మన్ నా కోసమే కూర్చుని ఉన్నాడు.

“రాయకు తమ్మీ. రాస్తె నీ నౌకరి వోతది.”

“రాయకుంటె లైన్ క్లియర్ లేకుంట ఎక్కిండని బావది వోతది.”

“ఆయినె ఎట్లైన స్తంభమెక్కే చెయ్యి కాదాయె గిప్పుడు” అన్నాడాయన, చెడ్డ ఉద్దేశంతో కాదు, ఉన్నమాటగా. లేకపోతే సమయం వేసి మామూలుగా రాసెయ్యి, ఎవరికీ తెలియదని కూడా అన్నాడు. నేను చాచా వైపు చూశాను.

“ఎన్ని గంటలకు ఇచ్చినవో గదే రాయి. ఎన్ని గంటలకు రాస్తున్నవో గది గూడ రాయి” అన్నారు చాచా.

కడిగిన చేత్తో రాశాను. ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి నోటిమాటగా అనుమతి ఇచ్చినట్లు, భోజనం చేస్తున్నందున నమోదు చేయనట్లు, ఐదు ఇరవై ఆరుకు ఈ పంక్తి రాస్తున్నట్లు. కింద సంతకం.

కరీంనగర్ ఆసుపత్రి వరండాలో అక్కకు అంతా చెప్పాను. విని, “మీ బావకు చెప్పినవా?” అంది. లేదన్నాను. “నువ్వే చెప్పు. నేను చెప్ప” అని లోపలికి పోయింది. చెప్పినప్పుడు బావ కట్టుచేతిని దిండు మీదికి జరుపుకున్నాడు. “నువ్వు తింటున్నవని ఫోన్లనే ఎరుకైంది. నోట్ల పిండి వెట్టుకొనే సరే బావ అన్నవు. రాసినవా అని నేను గూడ అడగాలె. బామ్మర్దివి గద అని అడగలే” అన్నాడు. ఆ మాట నన్ను తేలికపరచడానికి అన్నాడో, నిజంగానే తన వంతు తప్పును లెక్కగట్టుకున్నాడో నాకు నేటికీ తెలియదు.

ఇప్పుడు అనుమతులు ఫోను తెర మీద అంకెలుగా వస్తాయట, ఆ అంకె కొట్టనిదే స్విచ్చు కదలదట. తినడానికి వేరే గది కట్టారు. మంచిదే. సర్వపిండి కూడా ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది, ఎవరూ దానికోసం పొయ్యి దగ్గరనుంచి పరుగు పెట్టరు, దాని గడువును ఎవరూ కొలవరు. వేడిది తినాలన్న ఆత్రం ఒకటి మా తరంతో పోతున్నది. దాన్ని పోగొట్టుకున్నందుకు విచారించే హక్కు అందరికంటె తక్కువ నాకే ఉన్నా, విచారం మాత్రం ఉంది.

ప్రమాద నివేదికలో రాసినది ఇది: ప్రాణనష్టం లేదు, పరికరాల నష్టం లేదు, సరఫరా ఆగిన సమయం నాలుగు గంటల పది నిమిషాలు. అందులో రాయనిది ఇది. బావకు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలిలో సగం పోయాయి. ఉద్యోగం నిలిచింది, స్తంభం ఎక్కే పని పోయింది, స్టోరులో కూర్చునే పని ఇచ్చారు. నాకు ఏడు నెలల సస్పెన్షన్. చాచా ఉద్యోగం దిగిపోయేదాకా, మూడేళ్లు, డ్యూటీలో పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అక్క ఆ సర్వను నీళ్లకే వాడింది. బావ ఎడమచేత్తో తినడం నాలుగు నెలల్లో నేర్చుకున్నాడు. పెళ్లిళ్లకు వెళ్లేవాడు, కట్నం చదివించేవాడు, భోజనాల బంతి వేసే వేళకు లేచి వచ్చేసేవాడు. ఆ తరువాత అతను బతికిన ఇరవై రెండేళ్లలో నలుగురి నడుమ కూర్చుని తిన్న భోజనాలు, నాకు తెలిసినంతలో, ఒక్కటీ లేవు.