ఇత్తడి కొమ్మకు పడిన అతుకు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. పాత బంగళాల్లో పని చేసుకుని బతికేవాడు అలాంటి నమ్మకం పెట్టుకుంటే కడుపు నిండదు. ఎండ ముదిరితే ఇనుప రేకు టప్పుమంటుంది. పొద్దు వాలి చల్లబడితే దూలం మూలుగుతుంది. గాలి తగిలితే గాజు బుడ్లు గలగలమంటాయి. ఎవరైనా ఉలిక్కిపడితే కారణం చూపించి నవ్వేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా కారణం చాలా వెతికాను.

మాది నూజివీడు. మా నాన్న ఇత్తడి బిందెలకి మాట్లు వేసేవారు. ఇళ్ళల్లో ప్లాస్టిక్ బిందెలు వచ్చాక, నేనూ మా అన్నయ్య సత్యమూ పాత కట్టడాల పనిలోకి మారాం. జమీందారీ రోజుల నాటి ఇళ్ళల్లో, గుడి మండపాల్లో వేలాడే దీపాలు, పోత ఇనుప కటకటాలు, ఇత్తడి తలుపు బిళ్ళలు బాగుచేసి మళ్ళీ యథాస్థానంలో పెట్టడం మా పని. అన్నయ్య అతుకులు వేసేవాడు. నేను చిలుము వదిలించి మెరుగు పెట్టేవాణ్ణి.

అన్నయ్యది ఎడమచేతి వాటం. అతుకు మీద ఆకురాయితో రాసినప్పుడు అందరి గీతలూ ఒక పక్కకి వాలితే ఆయనవి రెండో పక్కకి వాలేవి. ఇంకో అలవాటు కూడా ఉండేది. విరిగింది అతుకుతాడు గానీ, పాత సొట్టలు సాపు చేయడు. "దెబ్బ తగిలిందని తెలియాలిరా. అన్నీ దాచేస్తే అది కొత్త సామానే అవుతుంది" అనేవాడు.

ఆగిరిపల్లి వెళ్ళే దారిలో, మామిడి తోటల మధ్య ఒక పాత బంగళా ఉంది. కేశవరావు గారనే మామిడికాయల వ్యాపారి దాన్ని కొని, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలుగా మారుస్తున్నారు. మొదటి శుభకార్యం వాళ్ళ అమ్మాయి నిశ్చితార్థమే. హాలు నడిమధ్యలో పెద్ద షాండ్లియర్. చుట్టూ చెట్టు కొమ్మల్లా వంపు తిరిగిన ఇత్తడి చేతులు, ఒక్కోదాని చివర గాజు బుడ్డి. మేం వాటిని కొమ్మలనే అంటాం. దాన్ని కిందకి దించి, తోమి, నూనె దీపాల గొట్టాల్లోంచి కరెంటు తీగ లాగి, మళ్ళీ వేలాడదీయాలి.

వేలాడదీసే ముందు అన్నయ్య నిచ్చెనెక్కి కొక్కెం చుట్టూ దూలాన్ని సుత్తితో తట్టి చూశాడు. చప్పుడు డొల్లగా వచ్చింది.

"దూలం లోపల గుల్లయిందండీ. పైకప్పు చెక్క విప్పి చూడాలి" అన్నాడు కేశవరావు గారితో.

"రంగులు మొన్నే వేయించానయ్యా. ఇన్నేళ్ళు మోసిన కొక్కెం నువ్వొచ్చాక ఊడుతుందా?" అన్నారాయన.

అన్నయ్య మళ్ళీ చెప్పాడు. నీకు చేతకాకపోతే విజయవాడ నుంచి వేరేవాళ్ళని పిలిపిస్తానన్నారు కేశవరావు గారు. ఆయన వెళ్ళిపోయాక నేను అన్నాను, మనకెందుకు, వదిలేద్దాం అని. అన్నయ్య ఒప్పుకోలేదు. "సంగతి తెలియనివాడు ఎక్కితే ప్రమాదంరా. నాకు తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటాను" అన్నాడు.

ఆ జాగ్రత్త ఎందుకూ పనికిరాలేదు. మధ్యాహ్నం నేను వరండాలో గాజు బుడ్లు కడుగుతున్నాను. లోపల చెక్క చీలిన చప్పుడు, వెంటనే నేల బండల మీద ఇత్తడి పడ్డ మోత. కొక్కెం దూలం ముక్కతో సహా ఊడి వచ్చింది. షాండ్లియర్ నిచ్చెనని లాక్కుపోయింది. అన్నయ్య దాని కింద ఉన్నాడు.

తోటలో కాయలు ఎక్కిస్తున్న వ్యాన్ ఉంటే, సగం ఖాళీ చేయించి వరిగడ్డి మీద పడుకోబెట్టాం. మామిడి సొన వాసన ఇప్పటికీ నాకు పడదు. విజయవాడ ఆసుపత్రికి బయలుదేరాం గానీ దారిలో నున్న ఊరు చేరకముందే పోయాడు.

మర్నాటికల్లా ఊళ్ళో ఒక మాట పుట్టింది. తాగి నిచ్చెనెక్కాడట అని. ఎక్కడ పుట్టిందో వెతకక్కర్లేదు. కేశవరావు గారే మార్కెట్‌లో పదిమంది ముందు అన్నారు, "పాపం మంచి పనిమంతుడే, కానీ కాస్త అలవాటుంది" అని. మా అన్నయ్య కల్లు కూడా ఎరగడు. పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళు మా వదిన నాగమణి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఎప్పట్నించి అలవాటమ్మా?" అని అడిగారు. ఆ దుఃఖంలో ఆవిడ వాళ్ళ మొహాల వంక అలా చూస్తూ ఉండిపోయింది.

చిన్నదినం అయ్యాక బంగళాకి వెళ్ళాను. ఆ కొక్కెం, దూలం ముక్క కావాలి నాకు. పుచ్చిపోయిన చెక్కని నలుగురికీ చూపిద్దామనుకున్నాను. అవి లేవు. చెత్తలో పోయాయన్నారు. పైకప్పుకి అప్పుడే కొత్త చెక్క వేసి రంగు కూడా కొట్టేశారు. మిగిలింది షాండ్లియర్, విరిగి రెండు ముక్కలైన ఒక కొమ్మ. కొమ్మ మీద బండకి కొట్టుకున్న చోట లోతుగా సొట్ట పడింది. కనీసం ఇదైనా ఉండనీ అని ఫోన్‌లో ఫొటోలు తీశాను. ముక్కలు రెండూ గోనెసంచిలో వేసి మూతి కట్టి, మా పనిముట్లున్న పక్క గదిలో పెట్టి తాళం వేశాను. తాళం మాదే. బైకు మీద వచ్చాను కాబట్టి పనిముట్లు తీసుకెళ్ళలేకపోయాను. అతుకులకి వాడే గ్యాస్ సిలిండరు, దాన్ని అద్దెకిచ్చిన హనుమాన్ జంక్షన్ వాళ్ళు అప్పటికే పట్టుకుపోయారు. అంటే ఆ గదిలో ఇత్తడి అతకడానికి నిప్పు లేదు.

పెద్దకర్మ అయిన తర్వాత ఒక ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. పట్టపగలు. హాల్లో పెయింటర్లు, కరెంటువాళ్ళు, గోలగోలగా ఉంది. తాళం నేను వేసినట్టే ఉంది. సంచి మూతికి నేను కట్టిన పురికొస అలాగే ఉంది. ఎత్తుతుంటే బరువు ఒకే వైపు లాగింది. విప్పి చూశాను.

కొమ్మ ఒకటే ఉంది. విరగలేదు.

ముందు ఇది వేరే కొమ్మ అనుకున్నాను. సొట్ట చూశాను. అదే. ఫోన్ తీసి ఫొటోలో ఉన్న సొట్ట పక్కన పెట్టి చూశాను. సందేహం లేదు. విరిగిన చోట సన్నని అతుకు ఉంది. దాని మీద ఆకురాయి గీతలు రెండో పక్కకి వాలి ఉన్నాయి. సొట్ట మాత్రం సాపు చేయలేదు.

గీతల పక్కన, అతికేటప్పుడు చల్లే వెలిగారం పేలి గట్టిపడిన తెల్లటి పొక్కు కొద్దిగా అంటుకుని ఉంది. అన్నయ్య అయితే దాన్ని కడిగి శుభ్రం చేసేవాడు. ఈ ఒక్కటి ఆయన పద్ధతి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

వాచ్‌మన్ వీరాస్వామిని అడిగాను. "ఆ గది జోలికి ఎవరూ పోలేదండీ. పోయినోళ్ళ సామానుందని పెయింటర్లు కూడా అటు తిరగట్లేదు" అన్నాడు. నేను ఆ కొమ్మ పట్టుకుని నిలబడి ఉండగా కేశవరావు గారు వచ్చారు. చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అతికేశావా! బాగా కుదిరిందయ్యా. మీ అన్న కంటే నీ చెయ్యే నయంలా ఉంది."

"నేను చేయలేదండీ."

"ఎవరు చేస్తే ఏముందిలే. పని అయింది కదా" అని కొమ్మ నా చేతిలో పెట్టి, పెయింటర్ల మీద అరుస్తూ వెళ్ళిపోయారు.

కొమ్మ వాళ్ళ సొత్తు కాబట్టి దాన్ని మళ్ళీ ఆ గదిలోనే పెట్టి, పనిముట్లు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను. వదినకి చెప్పకుండా ఉండాల్సిందేమో. ఉండలేకపోయాను. ఆవిడ అంతా విని, చెప్పులేసుకుని, "తీసుకెళ్ళి చూపించు రాంబాబూ" అంది. ఏడాది తిరక్కుండా గడప దాటకూడదని మా మేనత్త అడ్డుపడింది. వదిన వినిపించుకోలేదు. వచ్చి నా బైకు వెనక ఎక్కి కూర్చుంది.

బంగళాలో కొమ్మ ఒళ్ళో పెట్టుకుని, ఆ అతుకు మీద బొటనవేలితో మెల్లగా రాసింది. పెళ్ళయినప్పట్నించీ ఇంట్లో ఆయన అతికిన గిన్నెలు తోమిన చెయ్యి అది. "ఆయనదే" అంది. ఏడవలేదు. లేచి తిన్నగా హాల్లోకి వెళ్ళింది. కేశవరావు గారు విజయవాడ నుంచి వచ్చిన కొత్త పనివాళ్ళతో మాట్లాడుతున్నారు.

"మా ఆయన తాగి ఎక్కాడన్నారంట కదండీ" అంది.

ఆయన కంగారు పడ్డారు. "నేనెక్కడన్నానమ్మా, ఎవరో అనుకుంటుంటే..."

"ఇది ఆయన వేసిన అతుకు. తాగే చేతికి అతుకు నిలవదు. నేను కొడతాను. ఊడిందంటే మీరన్న మాట నిజమని నేనే ఊరంతా చెప్తాను."

నేను ఆపేలోపే గుమ్మం రాతి మెట్టు మీద కొమ్మని బలంగా కొట్టింది. మళ్ళీ కొట్టింది. బట్టల రేవులో కొట్టినట్టు, ఊపిరి తిరక్కుండా కొట్టింది. హాలంతా మోగింది. పెయింటర్లు చేతిలో బ్రష్షులతో అలాగే నిలబడిపోయారు. వీరాస్వామి వచ్చి పట్టుకునేసరికి ఆ కొమ్మ వంపు పోయి వంకరటింకరగా అయింది. అతుకు లేని చోట ఇత్తడి చీలింది కూడా. అతుకు ఊడలేదు.

వదిన కేశవరావు గారి మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆయన తల తిప్పుకుని, "ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళవయ్యా, మనసు బాలేనట్టుంది" అన్నారు నాతో. అంతే. ఆ మాట తప్ప ఆ మనిషి నోటి నుంచి మాకు ఇంకేమీ రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు మామిడికాయల లారీలు అడ్డం వచ్చి బండి ఆపాల్సి వచ్చింది. వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"వచ్చాడంటే వచ్చాడు. అంత దూరం వచ్చి వాళ్ళ దీపం బాగుచేసి పోయాడా? మనింట్లో విరిగిందేదీ ఆయనకి కనపళ్ళేదా రాంబాబూ?"

లారీలు కదిలాక బండి తీశాను.

నూజివీడు, విజయవాడల్లో నాకు తెలిసిన ఇత్తడి పనివాళ్ళందరినీ అడిగాను. ఎవరూ ఆ బంగళాకి వెళ్ళలేదు. విజయవాడ నుంచి వచ్చిన ఆ కొత్తవాళ్ళు కూడా వదిన వెళ్ళిన రోజే మొదటిసారి వచ్చారట. మా తాళానికి మారు చెవి ఎవరైనా చేయించి ఉండొచ్చు. అది కాదనను. కానీ ఎడమచేతి వాటంతో, సొట్ట ముట్టుకోకుండా, నిప్పు లేని గదిలో అంత పని చేసి, నేను కట్టినట్టే మళ్ళీ పురికొస కట్టి వెళ్ళేవాడు ఎవడో, అలా చేసి వాడికేం ఒరిగిందో నాకు అంతు చిక్కలేదు.

నిశ్చితార్థం అనుకున్నట్టే జరిగింది. ఆ కొమ్మ స్థానంలో కొత్తది పోత పోయించారట. ఫొటోల్లో చూశాను. తేడా తెలియడం లేదు. తాగి పడ్డాడనే మాట ఊళ్ళో అలాగే ఉంది. అతుకు సంగతి చెప్తే మాత్రం, పోనీలే, అన్న పోయిన బాధలో అలా అనిపించి ఉంటుంది అని నా భుజం తడతారు.

వదిన ఇప్పటికీ సాయంత్రం వీధి తలుపు గడియ ఆలస్యంగా వేస్తుంది. ఎందుకని నేను అడగను. వచ్చింది అన్నయ్యేనని నేను అనలేను. కాదని ఆవిడకి చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.